గల్లా దగ్గర శెట్టమ్మ

మా అత్త నోట నేను ఎక్కువగా విన్న మాట ఒకటుంది. "రేటు లేని వస్తువు లోకంలో లేదు మే. రేటు తెలీని మనుషులే ఉండారు." బళ్లారి బజారులో మాది తరాల నాటి బట్టల అంగడి. ఆ ఇంట్లో ఏ వస్తువు అడుగుపెట్టినా మొదట చేతిలోకి తీసుకుంటారు, వెనక్కి తిప్పుతారు, ఎంతకిచ్చారని అడుగుతారు. బాగుందో లేదో చెప్పడం ఆ తర్వాతి పని. నా పెళ్లిలో మా నాన్న పెట్టిన పట్టుచీర అంచు తిప్పి చూసి, మిమ్మల్ని బాగా ముంచారని ఆయన మొహం మీదే చెప్పిన మనుషులు వాళ్లు. అందులో కల్మషం లేదు. వాళ్లకు అది ప్రేమే.

అలాంటి ఇంట్లో చేత్తో చేసుకోవడమంటే కొనలేకపోవడం అని అర్థం. పచ్చళ్లకు, అప్పడాలకు మినహాయింపు ఉంది. అంతకు మించి ఏది చేసినా చూసినవాళ్లు అంగడి గిరాకీ గురించి ఆరా తీస్తారు. నాదేమో చేతులు ఊరకుండని జాతకం. కూర్చుంటే కాగితం మడుస్తాను, పిండి ముద్ద దొరికితే పిల్లిని చేస్తాను. ఈ రెండిటికీ ఎలా పొసగుతుందో మా పెళ్లి కుదిర్చినవాళ్లు ఆలోచించలేదు.

మా పుట్టిల్లు కంప్లిలో. తుంగభద్ర ఒడ్డున, చుట్టూ వరి మడులు. వెదురు చాటలకు, గంపలకు సందులు పడితే మా అమ్మ కాగితం గుజ్జు మెత్తేది. పాత పేపర్లు నానబెట్టి, మెంతులు వేసి మెత్తగా రుబ్బి, చాటకు రెండు వైపులా పలచగా పూసి ఆరబెడితే అది గట్టిపడుతుంది, మెంతుల చేదుకు పురుగు రాదు. మిగిలిన గుజ్జు నాది. దాంతో బర్రెను చేసేదాన్ని, చిలకను చేసేదాన్ని, సీటుకు ఒరిగి టికెట్లు కొట్టే బస్సు కండక్టరును చేసేదాన్ని. మా అమ్మ బాగుందనీ అనేది కాదు, బాగాలేదనీ అనేది కాదు. "వీడు హోస్పేట బస్సు కండక్టరు గదా, ఆ నిక్కుడు చూడు" అనేది. అంతకంటే గొప్ప మెప్పు నాకు ఇప్పటికీ తెలియదు.

పెళ్లయ్యాక ఆ చేతులు చీరలు మడతబెట్టడానికి అలవాటుపడ్డాయి. ఏళ్లు గడిచాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నన్నెవరూ కట్టేయలేదు, నేనే మరిచిపోయానని చెప్పడం న్యాయం. మళ్లీ మొదలుపెట్టించింది, విచిత్రంగా, మా అత్తే. అంగడిలో బట్ట ముక్కలు వేసే పెద్ద గంప ఒకటి పాతబడి అంచులు ఊడింది. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

"మీ కంప్లిలో ఏందో మెత్తుతారంట గదా మే, దీనికి మెత్తు" అంది.

మెత్తాను. గంప బాగుపడింది. గుజ్జు మిగిలింది. ఎదురుగా గుజ్జు ముద్ద, చేతికి మెంతుల వాసన. ఇంకేం కావాలి? సాయంత్రమైతే మా వీధి మలుపులో బొరుగుల ఉగ్గాని, మిర్చిబజ్జీ అమ్మే బండివాడు కళ్లముందు కదిలాడు. వాడు లుంగీ మడిచి, ఒంటికాలి మీద బరువు వేసి, జల్లిగరిటె పైకెత్తి నూనె వడిసేదాకా జనాన్ని లెక్కచేయకుండా నిలబడతాడు. ఆ నిలబడడం నాకు కావాలి. చేశాను. కంప్లి బుద్ధి పోక మిద్దె మీద ఎండలో పెట్టాను. మా ఊళ్లో ఏటి గాలి ఉంటుంది. బళ్లారి ఎండకు సాయంత్రానికల్లా బండివాడి పొట్ట నిలువునా చీలింది. అతికించి, ఈసారి మెట్ల కింద నీడలో ఆరబెట్టి, మా పిల్లలు వదిలేసిన రంగులు వేశాను. చీలిక అతికిన చోట చొక్కా గుండీల వరస వచ్చింది.

ఆ ఏడు దసరా బొమ్మల కొలువులో వాడిని అన్నిటికంటే కింది మెట్టు మీద, ఒక మూలన పెట్టాను. మా కొలువు సంగతి కొంచెం చెప్పాలి. పై మెట్టు మీద కలశం, దాని పక్కన పట్టపు బొమ్మలు, అంటే ఎర్రచందనం రాజూ రాణీ. కిందికి వచ్చేకొద్దీ దేవుళ్లు, పెళ్లి ఊరేగింపు, పశువులు. అందరికంటే కింద శెట్టి, శెట్టమ్మ. బానపొట్టతో శెట్టి, పక్కన అణకువగా శెట్టమ్మ, వాళ్ల ముందు చిటికెడు బియ్యం, కందిపప్పు, బెల్లం పోసిన చిన్న చిన్న గిన్నెలు. ఏ కులంవాళ్ల కొలువులోనైనా ఈ జంట ఉంటుంది. నిజం శెట్ల ఇంట్లో మట్టి శెట్టి పొట్టేసుకుని కూర్చోవడం చూస్తే నాకు ప్రతి ఏడూ నవ్వు వచ్చేది. మా వాళ్లకు అందులో నవ్వాల్సింది ఏమీ కనిపించేది కాదు.

పేరంటానికి వచ్చినవాళ్లలో సిరుగుప్ప రైస్‌మిల్లు అక్క ఒకామె. మాకు దూరపు చుట్టం. ఆమె ఇంట్లోనూ పెద్ద కొలువు ఉంది, ఎవరింట్లో ఏ కొత్త బొమ్మ వచ్చిందో చూడడానికే బళ్లారి అంతా తిరుగుతుంది. ఊరక రారు మహానుభావులు. గుగ్గిళ్లు నోట్లో వేసుకుంటూ ఒక్కో మెట్టూ దిగివచ్చిన ఆమె కళ్లు మిర్చిబండి దగ్గర ఆగాయి.

"అయ్యో, వీడు మన బండివాడే గదా! యాడ తెచ్చినారు? ఎంతకిచ్చినారు?"

నేను నోరు తెరిచాను. మా అత్త నాకంటే ముందుంది. "హోస్పేటలో తెచ్చినాం" అంది, రెప్ప వేయకుండా. రేటు కూడా చెప్పింది. ఎక్కువే చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది. అందరూ వెళ్లాక వంటింట్లో అడిగాను. "నేను చేసినానని చెప్తే ఏమయ్యుండేది అత్తా?"

"కొలువుకు ఒక బొమ్మ గూడా కొనలేకపోయినారు, కోడలు పాత పేపర్లతో చేసింది అనుకుంటారు. పొద్దున్నకల్లా బజారంతా చెప్పుకుంటారు. అంగడి నడిపేవాళ్లకు ఇవన్నీ తెలియల్ల మే."

ఆమె లెక్క ఆమెకు ఉంది. నేను గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను. మా ఆయన్ను అడిగితే, "బాగుండాది గదా, ఇంకేంది నీకు?" అన్నాడు. నేను చేసినదాన్ని నేను చేశానని చెప్పుకోవడం. కావాల్సింది అంతే.

దీపావళికి బట్టలు కొనడానికి సిరుగుప్ప అక్క అంగడికి వచ్చింది. వస్తూనే గల్లా దగ్గర మా ఆయన్ని దాటి, తెర వెనక కూర్చున్న మా అత్త దగ్గరికి నేరుగా పోయింది. నేను చీరలు పరుస్తున్నాను.

"ఏం అమ్మా, హోస్పేటలో యాడ? బొమ్మల అంగళ్లన్నీ తిరిగినా. స్టాండు దగ్గర అడిగినా, గుడి వీధిలో అడిగినా. ఎండకు తల తిరిగి చెరుకు రసం అంగట్లో కూలబడినా. మిర్చిబండి బొమ్మ అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తాండారు!"

అత్తా కోడళ్లం తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చివరికి మా అత్త, "స్టాకు అయిపోయింటాది" అంది. ఆ మాట ఆమె జీవితంలో కొనేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో గానీ, అంత నీరసంగా మాత్రం ఎప్పుడూ చెప్పి ఉండదు.

నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతో. మెట్ల కింద ఆరబెట్టిన నా బండివాడి కోసం ఒక మనిషి, అదీ రేటు తెలిసిన మనిషి, ఎండలో హోస్పేట బజారంతా వెతికింది. దొరకలేదు. దొరకదు. అది చేయగలిగిన చేతులు హోస్పేటలో లేవు, ఇక్కడ చీరలు పరుస్తున్నాయి. ఇంతకంటే సర్టిఫికెట్టు ఎవరిస్తారు? ఆ రోజు నుంచి ఎవరైనా మెచ్చుకుంటారా అని ఎదురుచూడడం మానేశాను. ఏడాది పొడుగునా చేశాను. జీన్సు ప్యాంట్ల మూట నెత్తిన పెట్టుకున్న ఆవిణ్ని చేశాను, తెక్కలకోట బస్సు ఎక్కడానికి కిటికీలోంచి తువ్వాలు వేసేవాణ్ని చేశాను. కొన్ని అసలు కుదరలేదు. వాటిని మళ్లీ నానబెట్టి గుజ్జు చేశాను. గుజ్జు పనిలో ఉన్న సుఖం అదే, తప్పు కూడా వృథా పోదు.

మరుసటి దసరా దగ్గరపడ్డాక అటక మీది ట్రంకు దించి చూస్తే, వానలకు మిద్దె కారి తడి చేరి ఉంది. మట్టి శెట్టి పొట్ట కరిగి కూలిపోయింది. శెట్టమ్మకు తల లేదు. మా అత్త మొహం చిన్నబోయింది. అవి ఆమె అత్తగారి కాలం నాటివి.

"శెట్టి లేని కొలువు యాడన్నా ఉంటాదా? బెంగళూరు నుంచి తెప్పించు" అంది మా ఆయనతో.

"వద్దు. నేను చేస్తా" అన్నాను.

అది ఎలా వచ్చిందో తెలియదు, గట్టిగానే వచ్చింది. మా అత్త నా వైపు చూసి, "చెయ్, చూస్తాం" అంది. ఒప్పుకోవడమో, బెదిరించడమో తెలియని గొంతు.

శెట్టిని చేయాలని కూర్చుంటే శెట్టి రాలేదు. బానపొట్ట చేసి చూశాను, అది పాత బొమ్మకు నకలు అయింది. మా మామ బతికున్న రోజులు గుర్తుకు తెచ్చుకున్నాను. ఆయన మంచివాడు, గల్లా దగ్గర కూర్చునేవాడు. కానీ అంగడి నడిపింది తెర వెనక ఉన్నావిడ. కొనేవాడు బేరం మొదలుపెడితే మామ చెవి తెర వైపు ఉండేది. లోపల గాజులు ఒకసారి చప్పుడైతే రేటు దిగవచ్చు, ఊరుకుంటే దిగకూడదు. ఆయన పోయాక గల్లా ముందుకు మా ఆయన వచ్చాడు, మా అత్త గాజులు తీయనివ్వలేదు, చప్పుడు అదే. ఇన్నేళ్లలో ఆమె ఒక్కరోజు కూడా తెర దాటి ముందుకు వచ్చి కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు.

అంతే, శెట్టమ్మ చేతికి వచ్చేసింది. ఒక్కతే, గల్లాపెట్టె ముందు బాసిపట్టు వేసుకుని. ఒడిలో ఇనుప మీటరు కట్టె. కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, వాటి పైనుంచి చూసే చూపు. ఎదుటివాడు ఎంతవరకు దిగుతాడో తెలిసిపోయిన పెదవులు. పక్కన, ఇప్పటి అంగళ్లన్నిటిలో ఉండే ఫోన్ పే డబ్బా కూడా పెట్టాను. ముక్కు దగ్గర చాలా కష్టపడ్డాను. మా అత్తది నిటారుగా ముందుకొచ్చే ముక్కు, ఇంట్లోకి ఆమెకంటే ముందు అదే వస్తుంది. కొంచెం తగ్గిస్తే అందంగా ఉంటుంది, అప్పుడు ఆమె కాదు. తగ్గించలేదు.

భయపడలేదా అంటే భయపడ్డాను. చనిపోయిన మామను పక్కనుంచి తీసేశానని ఇంటిల్లిపాదీ నా మీద పడవచ్చు. ఆమే ఆ బొమ్మను తీసి అవతల పెట్టవచ్చు. ఆ రంగు ఆరేలోపు నాలో నేను ఒక మాట అనుకున్నాను. ఈసారి ఎవరు అడిగినా నేనే చేశానని చెబుతాను. అది చెప్పడానికి నోరు రాకపోతే, ఇక గుజ్జు ముట్టుకునే అర్హత నాకు లేదు. చాటలకు కూడా మెత్తను.

కొలువు పెట్టే రోజు పొద్దున బట్ట తీసి బొమ్మను కింది మెట్టు నడిమధ్యన పెట్టాను. మా అత్త వచ్చింది. వంగి చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"శెట్టి యాడ?"

"శెట్టి లేడత్తా. ఈమె చాలు."

బొమ్మ ముక్కు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత, "ముక్కు పెద్దదైంది" అని వంటింట్లోకి పోయింది. గుగ్గిళ్ల తాలింపు చిటపటలు వినిపించాయి. నేను కలశానికి పూలు పెడుతూ ఆ ఒక్క మాటలో ఏముందో వెతుక్కున్నాను. కోపం ఉంటే ఆమె బొమ్మను తీసేసి ఉండేది. తీయలేదు. అదొక్కటే నాకు ఆధారం.

సాయంత్రం పేరంటాళ్లు వచ్చారు. పక్కింటి కన్నడావిడ చూస్తూనే, "అయ్యో, భాళ చెందైతి!" అని తన భాషలో మెచ్చుకుంటూ బుగ్గలు నొక్కుకుంది, బొమ్మ వైపు, మా అత్త వైపు మార్చి మార్చి చూసింది. సిరుగుప్ప అక్క ఆఖర్న వచ్చింది. ఆమె మెట్లేవీ చూడలేదు, సరాసరి శెట్టమ్మ ముందు కూర్చుంది.

"ఇది యాడ దొరికింది? హోస్పేట అని మాత్రం మళ్లా చెప్పొద్దండి, నా కాళ్లు ఇంకా నొస్తాండాయి."

మా అత్త తాంబూలం పళ్లెంతో నిలబడి ఉంది. ఆమె పెదవి కదలబోయింది. ఈసారి నేను ముందు.

"యాడా దొరకదక్కా. నేనే చేసినా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నువ్వా? మరి పోయిన ఏడు మిర్చిబండి?"

"అదీ నేనే. మా మెట్ల కింద."

ఆమె ముందు నన్ను చూసింది, తర్వాత మా అత్తను చూసింది. హోస్పేట ఎండ, చెరుకు రసం అంగడి అన్నీ ఆమె మొహంలో ఒకసారి తిరిగివచ్చినట్టున్నాయి. తిడుతుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నా నెత్తిన టోపీ పెట్టినారు గదా అత్తా కోడళ్లు!" అని నవ్వుతూనే, "మా రైస్‌మిల్లు చేసిస్తావా? హమాలీలు, మూటలు, అన్నీ. ఎంత తీసుకుంటావు?" అంది. చూస్తే గాని చేయలేను, ఒకరోజు మీ మిల్లుకు వచ్చి కూర్చుంటానని చెప్పాను. అంత తొణక్కుండా ఎలా చెప్పానో నాకే ఆశ్చర్యం. మా అత్త పళ్లెంలో తమలపాకులు సర్దింది. అందరికీ తాంబూలాలు ఇచ్చింది, పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత పండగ నడిచిన రోజుల్లో కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఆమె మౌనానికి రేటు కట్టడం నాకు చేతకాలేదు.

విజయదశమి సాయంత్రం హారతి ఇచ్చాక కొలువులో బొమ్మలను పడుకోబెట్టడం మా ఆచారం. అంటే పండగ అయిపోయిందని గుర్తుగా పట్టపు బొమ్మలను పక్కకు ఒరిగిస్తాం, మరునాడు అన్నీ బట్టలో చుట్టి ట్రంకులో పెడతాం. ఆ ఏడు నేను రాజూ రాణీని ఒరిగించి, శెట్టమ్మను కూడా పడుకోబెడదామని చెయ్యి పెట్టాను. చేసినదాన్ని నేనే పడుకోబెట్టాలని ఒక ఆశ.

వెనక నుంచి మా అత్త గొంతు. "ఆమెను పడుకోబెట్టొద్దు మే."

తిరిగి చూశాను.

"రేపు అంగడి తీయల్ల గదా" అంది.

మరునాడు పొద్దున ఆటోలో ఆ బొమ్మను ఒడిలో పెట్టుకుని మాతోపాటు అంగడికి వచ్చింది. దారిలో గతుకులకు అదిరితే చీరకొంగు దాని చుట్టూ అడ్డం పెట్టింది. అంగట్లోకి రాగానే మా ఆయనతో, "కొంచెం జరుగప్పా" అంది. ఆయన లేచాడు. తెర పక్కకు నెట్టి ముందుకు వచ్చి, గల్లాపెట్టె మీద శెట్టమ్మను పెట్టి, దాని వెనక తనూ బాసిపట్టు వేసుకుని కూర్చుంది. నేను చీరల కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. దాచుకోలేదు.

మొదటి గిరాకీ తెక్కలకోట నుంచి వచ్చిన చిల్లర వ్యాపారి. ఏళ్లుగా మా దగ్గరే తానులు తీసుకుపోతాడు. బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు, వెనక్కి తిప్పాడు.

"భలే ఉండాదే! ఎంత అమ్మా ఇది?"

"దానికి రేటు లేదప్పా" అంది మా అత్త. "మా కోడలు చేసింది."

"రేటు లేని వస్తువు లేదని మీరే గదా అంటాంటారు?"

"అమ్మే వాటికి" అని బొమ్మను అతని చేతిలోంచి మెల్లగా తీసుకుని మళ్లీ తన ముందు పెట్టుకుంది. కళ్లద్దాల పైనుంచి నా వైపు చూసింది. "ఆ ముక్కు మాత్రం కొంచెం తగ్గించు మే."

నేను తగ్గించలేదు.